గ్రంథమైత్రి

పాఠ్యభాగ ఉద్దేశం

మంచి పుస్తకం ఒక పాఠకుని చేతి నుండి మరొక పాఠకుని చేతికి ఏ విధంగా చేరుతుందో, ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ ఉండవలసిన లక్షణాలేమిటో గాంధీజీ జీవిత ఘట్టాల ద్వారానూ, తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్ర ద్వారానూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గ్రంథాన్ని రచించేవాడు ఒకడు, పఠించేవాడు మరొకడు. ఈ ఇద్దరి నడుమ దేశకాలాల దూరం ఎంతో ఉంటుంది. ఆ దూరాన్ని దాటించి ఇద్దరినీ కలిపేవాడు తరచుగా మూడవ మనిషి. అతడు కవి కానక్కరలేదు, విమర్శకుడు కానక్కరలేదు. తాను చదివి ఆనందించిన పుస్తకాన్ని మిత్రుని చేతిలో పెట్టి, చదివి చూడమని చెప్పే సామాన్య పాఠకుడు అతడు. సాహిత్య చరిత్రలలో అతని పేరు సాధారణంగా కనిపించదు. అయినా గ్రంథాలు తరతరాలుగా జీవించి ఉండడానికి అటువంటి పాఠకులే ప్రధాన కారణం. చదువరుల మధ్య పుస్తకం కారణంగా ఏర్పడే ఈ అనుబంధాన్ని గ్రంథమైత్రి అనవచ్చు.

మన ప్రాచీనులు ఈ విషయాన్ని ఎరగనివారు కారు. 'సహిత' శబ్దం నుండి 'సాహిత్యం' అనే మాట పుట్టింది. కూడి ఉండడం అనే భావం ఆ మాటలోనే ఇమిడి ఉంది. ఆనందవర్ధనుడు, అభినవగుప్తుడు మొదలైన ఆలంకారికులు కావ్యాన్ని ఆస్వాదించగల పాఠకుణ్ణి 'సహృదయుడు' అన్నారు. ఎనిమిదవ శతాబ్దికి చెందిన భవభూతి, 'మాలతీమాధవం' ప్రస్తావనలో, తన కావ్యాన్ని మెచ్చగల సమానధర్ముడు ఎక్కడో ఉండి ఉంటాడనీ, లేదా మునుముందు పుడతాడనీ విశ్వాసం ప్రకటించాడు. కాలానికి అంతం లేదనీ, భూమి విశాలమైనదనీ ఆయన తనను తాను ఊరడించుకొన్నాడు. తెలుగులో ఆదికవి నన్నయ, భారతాంధ్రీకరణంలో తనకు నారాయణభట్టు తోడ్పడినట్లు అవతారికలో కృతజ్ఞతతో చెప్పుకొన్నాడు. ఇంతటి కవులే తోడును కోరుకొన్నప్పుడు, సామాన్య పాఠకునికి తోటి పాఠకుని అవసరం ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు.

మిత్రులు సూచించిన పుస్తకాల వలన మనిషి జీవితం ఎంత మారగలదో తెలుసుకోవడానికి గాంధీజీ ఆత్మకథను మించిన నిదర్శనం అరుదు. ఈ ఆత్మకథ 1925 నుండి 1929 వరకు 'నవజీవన్' పత్రికలో ధారావాహికంగా వెలువడింది. తాను చదివిన పుస్తకాలను గురించి మాత్రమే కాక, వాటిని తనకు ఎవరు అందించారో కూడా గాంధీజీ అందులో శ్రద్ధగా చెప్పారు.

లండన్‌లో కలిసి చదివిన గీత

గాంధీజీ న్యాయశాస్త్రం చదవడానికి 1888లో లండన్ వెళ్లారు. అక్కడ ఉన్న రెండవ సంవత్సరం చివరి రోజులలో దివ్యజ్ఞాన సమాజానికి చెందిన ఇద్దరు సోదరులతో ఆయనకు పరిచయం కలిగింది. వారు ఎడ్విన్ ఆర్నాల్డ్ ఆంగ్లంలోకి అనువదించిన భగవద్గీతను చదువుతున్నారు. భారతీయుడు కనుక గాంధీజీకి మూలం తెలిసి ఉంటుందని భావించి, తమతో కలిసి సంస్కృత గీతను చదవమని ఆహ్వానించారు. అప్పటికి గాంధీజీ గీతను సంస్కృతంలో కాని, గుజరాతీలో కాని చదవలేదు. అందుకు ఆయన సిగ్గుపడ్డారు. అయితే ఆ సిగ్గును కప్పిపుచ్చుకోలేదు. తాను గీతను చదవలేదనీ, తన సంస్కృత జ్ఞానం స్వల్పమనీ, అయినా వారితో కలిసి చదవడానికి సంతోషిస్తాననీ స్పష్టంగా చెప్పారు. జీవితాంతం తనకు నిత్యపారాయణ గ్రంథమైన గీత ఆయన చేతికి మొదట అందింది ఈ విధంగానే.

ఈ ఘట్టంలో గమనించవలసిన అంశం ఒకటి ఉంది. చదవని పుస్తకాన్ని చదివినట్లు నటించడం విద్యావంతులలో తరచుగా కనిపించే బలహీనత. ఆనాడు గాంధీజీ అలా నటించి ఉంటే, ఆ సోదరులతో కలిసి కూర్చొని చదివే అవకాశమే ఆయనకు దక్కేది కాదు. తెలియదని ఒప్పుకోవడం గ్రంథమైత్రికి తొలిమెట్టు.

ప్రిటోరియాలో ఆదివారపు చర్చలు

1893లో గాంధీజీ ఒక వ్యాజ్యం పనిమీద దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా చేరారు. అక్కడ కోట్స్ అనే క్వేకర్ మతస్థుడు ఆయనకు మిత్రుడయ్యాడు. గాంధీజీ క్రైస్తవ మతాన్ని స్వీకరించాలని కోట్స్ ఆకాంక్ష. అందుకోసం ఆయన ఒకదాని వెంట ఒకటిగా పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. ఆదివారాలలో ఇద్దరు మిత్రురాండ్ర ఇంట తేనీటి వేళ అందరూ కలుసుకొనేవారు. ఆ వారంలో తాను చదివిన పుస్తకాలేవో, అవి తన మనసుపై ఎటువంటి ముద్ర వేశాయో గాంధీజీ కోట్స్‌కు వివరించేవారు.

కోట్స్ ఇచ్చిన పుస్తకాలలో కొన్ని గాంధీజీకి నచ్చాయి. కొన్ని ఏమాత్రం నచ్చలేదు. బట్లర్ రచించిన 'అనాలజీ' గంభీరమైన, కఠినమైన గ్రంథంగా తోచింది. అందులోని వాదం ఆస్తికత్వాన్ని సమర్థించేది. అప్పటికే ఆస్తికులైన గాంధీజీకి దాని అవసరం కలుగలేదు. క్రీస్తును భగవంతుని ఏకైక అవతారంగా నిరూపించే వాదాలు ఆయనను కదిలించలేదు. ఈ సంగతిని ఆయన దాచలేదు. కోట్స్ తన మిత్రుని మెడలోని తులసిపూసల దండను మూఢవిశ్వాసంగా భావించి, దానిని తెంచివేయమన్నప్పుడు, అది తల్లి ప్రేమతో ఇచ్చిన కానుక కనుక అకారణంగా తెంచలేనని గాంధీజీ మృదువుగా నిరాకరించారు. అభిప్రాయభేదం ఇంత ఉన్నా వారి స్నేహానికి భంగం కలుగలేదు.

పుస్తకాన్ని స్వీకరించడం అంటే అందులోని మతాన్ని స్వీకరించడం కాదు. మిత్రుడు ఇచ్చిన పుస్తకాన్ని పూర్తిగా చదవడం మర్యాద. చదివిన తరువాత నిజమైన అభిప్రాయాన్ని చెప్పడం అంతకంటె పెద్ద మర్యాద. నచ్చని గ్రంథాన్ని మొగమాటానికి మెచ్చుకొంటే ఇచ్చినవారిని సంతోషపెట్టినట్లు అనిపిస్తుంది. నిజానికి వారిని మోసగించినట్లే అవుతుంది. మన అభిరుచి వారికి తెలియకుండా పోతుంది. మరుసటిసారి వారు మనకు తగిన పుస్తకాన్ని ఎంచలేరు.

ఈ రోజులలోనే గాంధీజీ మనసు సంశయాలతో నిండింది. ఆయన తన సందేహాలను ముంబయిలోని రాయచంద్‌భాయికి లేఖగా రాశారు. రాయచంద్‌భాయి రత్నాల వ్యాపారి, కవి, జైన తత్త్వవేత్త. లండన్ నుండి తిరిగి వచ్చిన 1891లో గాంధీజీకి ఆయనతో పరిచయం కలిగింది. ఆయన ప్రత్యుత్తరంలో ఓపిక పట్టమనీ, హిందూ ధర్మాన్ని మరింత లోతుగా అధ్యయనం చేయమనీ సలహా ఇచ్చారు. పంచీకరణం, మణిరత్నమాల, యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం, హరిభద్రసూరి 'షడ్దర్శన సముచ్చయం' వంటి గ్రంథాలు పంపారు. ఒక వైపు కోట్స్, మరొక వైపు రాయచంద్‌భాయి. ఇద్దరి పుస్తకాలనూ గాంధీజీ సమానమైన శ్రద్ధతో చదివారు. టాల్‌స్టాయ్ రచించిన 'భగవంతుని రాజ్యం నీలోనే ఉంది' అన్న గ్రంథం ఆ కాలంలోనే ఆయనను గాఢంగా కదిలించింది. ఒకే దిక్కు నుండి వచ్చిన పుస్తకాలకు పరిమితమై ఉంటే ఆయన ఆలోచన అంత విశాలం కాగలిగేది కాదు.

ఒక రాత్రి, ఒక పుస్తకం

1904లో జొహానెస్‌బర్గ్‌లోని ఒక శాకాహార భోజనశాలలో గాంధీజీకి హెన్రీ పోలక్ అనే యువ పాత్రికేయునితో స్నేహం కుదిరింది. ఆ రోజులలో 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక ఆర్థికంగా చిక్కుల్లో పడింది. ఆ పని చూసుకోవడానికి గాంధీజీ డర్బన్‌కు బయలుదేరారు. వీడ్కోలు చెప్పడానికి పోలక్ రైల్వే స్టేషన్‌కు వచ్చాడు. ప్రయాణంలో చదువుకొమ్మని ఒక పుస్తకం చేతికిచ్చి, అది తప్పక నచ్చుతుందని చెప్పాడు. అది జాన్ రస్కిన్ రచించిన 'అన్ టు దిస్ లాస్ట్'.

జొహానెస్‌బర్గ్ నుండి డర్బన్‌కు అప్పట్లో ఇరవైనాలుగు గంటల రైలు ప్రయాణం. పుస్తకం తెరిచిన గాంధీజీ దానిని కింద పెట్టలేకపోయారు. సాయంకాలానికి రైలు డర్బన్ చేరింది. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ఆ గ్రంథం నుండి ఆయన మూడు విషయాలు గ్రహించారు. వ్యక్తి శ్రేయస్సు సమష్టి శ్రేయస్సులోనే ఉన్నదన్నది మొదటిది. న్యాయవాది పనికీ మంగలి పనికీ విలువ ఒక్కటేనన్నది రెండవది. భూమిని దున్నేవాని, చేతివృత్తి చేసేవాని శ్రమజీవనమే నిజమైన జీవనమన్నది మూడవది. వీటిలో మొదటిది ఆయనకు ముందే తెలుసు. రెండవది లీలగా తోచి ఉన్నది. మూడవది అంతవరకు మనసుకు తట్టనే లేదు. తెల్లవారేసరికి ఆ సూత్రాలను ఆచరణలో పెట్టడానికి ఆయన సిద్ధమయ్యారు.

ఆ సంవత్సరమే డర్బన్ సమీపంలో ఫీనిక్స్ ఆశ్రమం వెలసింది. పత్రిక ముద్రణాలయం అక్కడికి తరలింది. తాను ఇచ్చిన పుస్తకం ఇంతటి ఫలితానికి కారణమైనదని తెలిసి పోలక్ ఎంతో సంతోషించాడు. తన ఉద్యోగాన్ని వదిలి తానూ ఫీనిక్స్‌లో చేరాడు. గాంధీజీ 1908లో ఆ గ్రంథ సారాన్ని గుజరాతీలో రచించి 'సర్వోదయ' అని పేరు పెట్టారు. 'సర్వోదయం' అన్న మాట తరువాతి కాలంలో భారతదేశంలో ఒక మహోద్యమానికి పేరైంది. వీటన్నిటి వెనుక రైలు కదిలే వేళ ఒక మిత్రుడు చేతికందించిన చిన్న పుస్తకం ఉన్నది.

ఇక్కడ పోలక్ పాత్రను తక్కువగా అంచనా వేయకూడదు. ఆయన పేరున్న పుస్తకాన్ని ఏదో ఒకటి తెచ్చి ఇవ్వలేదు. నిరాడంబర జీవనంపై తన మిత్రునికి గల ఆసక్తిని ఎరిగి, ప్రయాణంలో పూర్తి చేయగల పుస్తకాన్ని, తగిన సమయంలో ఇచ్చాడు. మనిషినీ, పుస్తకాన్నీ, సమయాన్నీ మూడింటినీ ఎరిగి ఇవ్వడంలో అతని నేర్పు ఉన్నది.

గాంధీజీ కూడా తనకు అందినదాన్ని తన వద్దనే ఉంచుకోలేదు. 1909లో రచించిన 'హింద్ స్వరాజ్' గ్రంథం చివర, పాఠకులు చదవవలసిన ఇరవై గ్రంథాల పట్టికను అనుబంధంగా చేర్చారు. టాల్‌స్టాయ్, రస్కిన్, థోరో రచనలతో పాటు దాదాభాయి నౌరోజీ, రమేశచంద్ర దత్తుల గ్రంథాలు అందులో ఉన్నాయి. తన గ్రంథంతోనే పాఠకుని చదువు ముగియరాదని ఆయన కోరిక.

తెలుగునాట పుస్తకాల ప్రయాణం

పోలక్ వంటి మిత్రుడు అందరికీ దొరకడు. ఇంట పుస్తకం లేనివాడు, చదివే స్నేహితుడు లేనివాడు ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు సమాధానంగా తెలుగుదేశంలో గ్రంథాలయోద్యమం బయలుదేరింది. 1901లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారి కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆవిర్భవించింది. దానికి ప్రాణం పోసిన అయ్యంకి వెంకటరమణయ్యను ప్రజలు గ్రంథాలయోద్యమ పితామహుడని గౌరవించారు. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం స్థాపితమైంది. దాని భవనానికి 1929లో శంకుస్థాపన చేసినవారు గాంధీజీయే. మిత్రులు ఇచ్చిన పుస్తకాలతో తన జీవితాన్ని దిద్దుకొన్న మహనీయుడు, తెలుగు పల్లెలో ఒక పుస్తకాలయానికి పునాదిరాయి వేయడం ఎంతో సముచితంగా ఉన్నది.

పాఠకుడు గ్రంథాలయానికి రాలేనప్పుడు గ్రంథాలయమే పాఠకుని వద్దకు వెళ్లాలని కొందరు తలచారు. పాతూరి నాగభూషణం 1935లో గుంటూరు జిల్లాలో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరికీ చేర్చే ఏర్పాటు చేశారు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను స్వయంగా మోసుకొంటూ ఊళ్లు తిరిగి అమ్మారు. ఇతరుల ఇళ్లలో పనిచేస్తూ, పట్టుదలతో చదువు నేర్చుకొన్న ఆళ్వారుస్వామికి, పుస్తకం అందని మనిషి పేదరికం ఎటువంటిదో స్వానుభవం వల్ల తెలుసు. పుస్తకాల సంచి మోయడం ఆయనకు వ్యాపారం కాదు, ఋణం తీర్చుకోవడం. నిజాం పాలనలో దాశరథి కృష్ణమాచార్యులతో కలిసి నిజామాబాదు జైలులో బందీగా ఉన్నారు. తన 'అగ్నిధార' కావ్యాన్ని దాశరథి ఆయనకే అంకితం చేశారు.

గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచ సూత్రాలలో రెండు ఈ సందర్భంలో స్మరించదగినవి. ప్రతి పాఠకునికీ తనదైన గ్రంథం దొరకాలన్నది ఒకటి. ప్రతి గ్రంథానికీ తనదైన పాఠకుడు దొరకాలన్నది రెండవది. గ్రంథాలయాధికారి చేసే ఈ పనినే చదువరి అయిన ప్రతి మిత్రుడూ చిన్న ఎత్తున చేస్తుంటాడు.

ఇచ్చే విధానం, పుచ్చుకొనే విధానం

ఒకరికి పుస్తకం సూచించేటప్పుడు మొదట ఆ మనిషిని గురించి ఆలోచించాలి. మనకు గొప్పదిగా తోచిన గ్రంథం అందరికీ తొలి మెట్టు కాజాలదు. నవలలు చదవడం అప్పుడే మొదలుపెట్టిన విద్యార్థికి వేయి పుటల గ్రంథం చేతికిస్తే, ఆ బరువుకు జడిసి అతడు చదువునే మానుకొనే ప్రమాదం ఉన్నది. మిత్రుడు ఇంతకు ముందు చదివి ఇష్టపడినదేదో తెలుసుకొని, అక్కడి నుండి ఒక అడుగు ముందుకు వేయించడం మంచి పద్ధతి. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవల నచ్చినవారికి హెమింగ్వే 'ఓల్డ్ మాన్ అండ్ ది సీ'ని సూచించవచ్చు. రెండింటిలోనూ ఒక వృద్ధుడు ప్రకృతితో ఒంటరిగా తలపడతాడు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదివినవారి చేతికి ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'ని అందించవచ్చు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఆత్మకథ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' ఇష్టపడినవారు రంగాచార్య 'జీవనయానం' చదివితే, గోదావరీ తీరపు జీవితానికీ తెలంగాణ జీవితానికీ గల సామ్యభేదాలను వారే గ్రహిస్తారు.

పుస్తకం ఎందుకు చదవాలో నాలుగు మాటలలో చెబితే చాలు. కథ అంతా ముందే చెప్పివేయడం, పొగడ్తలతో ముంచెత్తడం మంచిది కాదు. అతిగా పొగిడిన పుస్తకం ఎంత మంచిదైనా పాఠకునికి కొంత నిరాశ కలిగిస్తుంది. చదివించి తీరాలన్న పట్టుదల కూడా తగదు. మిత్రుడు నచ్చలేదని చెబితే, అతనికి రుచి లేదని నిర్ణయించక, ఏది నచ్చలేదో అడిగి తెలుసుకోవాలి. కొన్ని సందర్భాలలో ఆ సమాధానమే మనం గమనించని లోపాన్ని మనకు చూపుతుంది.

పుచ్చుకొనేవారికీ బాధ్యత ఉన్నది. మన అభిరుచికి సరిపోయే పుస్తకాలనే సూచించే మిత్రులు మాత్రమే మన చుట్టూ ఉంటే, మనకు తెలిసిన విషయాలే మరల మరల చదువుతూ ఉండిపోతాం. ఇతర వృత్తులవారిని, ఇతర ప్రాంతాలవారిని, మనతో విభేదించేవారిని కూడా ఏమి చదువుతున్నారని అడగాలి. విజ్ఞానశాస్త్ర విద్యార్థి సాహిత్య విద్యార్థి నుండీ, అతడు ఇతని నుండీ పుస్తకాలు తీసుకోవాలి. చివరగా, తెచ్చుకొన్న పుస్తకాన్ని సకాలంలో, పుటలు చెడకుండా తిరిగి ఇవ్వాలి. ఇది చిన్న నియమమే. ఎన్నో గ్రంథమైత్రులు ఈ నియమభంగం వల్లనే ముగిసిపోతుంటాయి.

నేడు పుస్తకాలు విరివిగా లభిస్తున్నాయి. ఏ గ్రంథం గురించి అయినా క్షణాలలో సమాచారం దొరుకుతుంది. కాని ఆ సమాచారానికి మన మనసు తెలియదు. మన సంతోషాన్నీ సంశయాన్నీ ఎరిగిన ఒక మనిషి, మనకోసం ఆలోచించి ఎంచి ఇచ్చిన సద్గ్రంథానికి ఉన్న విలువ వేరు. భవభూతి కోరుకొన్న సమానధర్ముడు కవికి మాత్రమే కాక పాఠకునికీ అవసరం. అటువంటివాడు ఎదురుపడేవరకు వేచి ఉండనక్కరలేదు. చదివిన ఒక మంచి పుస్తకాన్ని పక్కనున్న విద్యార్థి చేతిలో పెట్టి, అతడు చదివి ఏమంటాడో ఓపికగా వింటే, ఆ మైత్రి అక్కడే మొదలవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

సహృదయుడు : కావ్యరసాన్ని ఆస్వాదించగల పాఠకుడు
సమానధర్ముడు : ఒకే విధమైన స్వభావం, అభిరుచి కలవాడు
అవతారిక : కావ్యం మొదట కవి రాసే పీఠిక
వ్యాజ్యం : న్యాయస్థానంలో నడిచే తగాదా
సంశయం : సందేహం
సమష్టి : సమాజం మొత్తం
నిరాడంబరం : ఆర్భాటం లేనిది
సామ్యభేదాలు : పోలికలు, తేడాలు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. గాంధీజీ జీవితాన్ని మిత్రులు సూచించిన గ్రంథాలు ఏ విధంగా ప్రభావితం చేశాయో వివరించండి.
2. పుస్తకం సూచించేవారికీ, స్వీకరించేవారికీ ఉండవలసిన లక్షణాలను పాఠం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. కోట్స్, గాంధీజీల స్నేహం నుండి పాఠకులు నేర్చుకోవలసినదేమిటి?
2. రస్కిన్ గ్రంథం నుండి గాంధీజీ గ్రహించిన మూడు విషయాలేవి?
3. తెలుగునాట పుస్తకాలను ప్రజల వద్దకు చేర్చినవారి కృషిని తెలపండి.

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. భారతాంధ్రీకరణంలో నన్నయకు తోడ్పడినదెవరు?
2. రాయచంద్‌భాయి వృత్తి ఏమిటి?
3. 'హింద్ స్వరాజ్' చివర గాంధీజీ ఎన్ని గ్రంథాలను సూచించారు?
4. దాశరథి 'అగ్నిధార'ను ఎవరికి అంకితం చేశారు?

IV. సంధులు
1. గ్రంథాలయం : గ్రంథ + ఆలయం (సవర్ణదీర్ఘ సంధి)
2. సర్వోదయం : సర్వ + ఉదయం (గుణసంధి)
3. ప్రత్యుత్తరం : ప్రతి + ఉత్తరం (యణాదేశ సంధి)
4. ఏకైక : ఏక + ఏక (వృద్ధి సంధి)

V. సమాసాలు
1. గ్రంథమైత్రి : గ్రంథము చేత మైత్రి (తృతీయా తత్పురుష)
2. దేశకాలాలు : దేశమును, కాలమును (ద్వంద్వ సమాసం)
3. నాలుగు మాటలు : నాలుగు సంఖ్య గల మాటలు (ద్విగు సమాసం)
4. సద్గ్రంథం : సత్ అయిన గ్రంథం (విశేషణ పూర్వపద కర్మధారయం)

VI. భాషా కార్యకలాపం
మీరు చదివిన పుస్తకాలలో ఒకదానిని ఎంచుకొని, దానిని మీ సహాధ్యాయి ఎందుకు చదవాలో కథ చెప్పకుండా పది వాక్యాలలో రాయండి. మీ సహాధ్యాయి సూచించిన పుస్తకాన్ని చదివి, నచ్చిన అంశాలనూ నచ్చని అంశాలనూ తెలుపుతూ అతనికి లేదా ఆమెకు ఒక లేఖ రాయండి.